ఆటల తపాలా: నల్ల చొక్కా నాయకుడు డేవ్ గల్లహర్

పోయిన నెల క్విజ్ పేజీలో ఓ పాత ఫొటో వేసి, 1905లో న్యూజిలాండ్ రగ్బీ జట్టును ఇంగ్లండ్ తీసుకెళ్లిన కెప్టెన్ ఎవరని అడిగాం. జవాబు డేవ్ గల్లహర్. అయితే జవాబు రాసినవాళ్లకన్నా ఎదురు ప్రశ్న వేసినవాళ్లే ఎక్కువ. గోదావరి జిల్లాలవాళ్లను ప్రశ్న అడిగితే అంతే మరి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి, జవాబులు ఇక్కడ ఇస్తున్నాం.

అయ్యా, ఫొటో కింద న్యూజిలాండ్ అని వేశారు. మా మనవడు ఫోనులో చూసి ఐర్లండులో పుట్టాడంటున్నాడు. ఇంటిపేరు కూడా రెండు రకాలుగా కనిపిస్తోందట. ఏది నమ్మమంటారండి?
— విశ్రాంత ఉపాధ్యాయులు, రాజోలు

మీ మనవడి మాటా నిజమే, మేం వేసిందీ నిజమే. ఆయన 1873 అక్టోబర్ 30న ఐర్లండు ఉత్తర భాగంలో, డొనెగాల్ కౌంటీలోని రామెల్టన్‌లో పుట్టారు. అప్పటికి ఇంటిపేరు గల్లగర్. న్యూజిలాండ్ చేరాక స్పెల్లింగులో రెండో 'జి' ఊడిపోయి గల్లహర్‌గా స్థిరపడింది. పాత రికార్డుల్లో వెతికేవాళ్లు రెండు పేర్లతోనూ వెతకాలి.

1878లో ఆ కుటుంబం 'లేడీ జాసెలిన్' అనే ఓడలో బే ఆఫ్ ప్లెంటీ ప్రాంతంలోని కటికటికి వలస వెళ్లింది. ఐర్లండు నుంచి జనాన్ని తెచ్చి భూములిచ్చి స్థిరపరిచే పథకం అది. దక్కిన భూమి ఆశపెట్టినంత గొప్పది కాదు. తల్లి బడిలో పాఠాలు చెప్పి సంసారం లాక్కొచ్చారు. 1887లో ఆవిడ పోయారు. అప్పటికి డేవ్‌కు పదమూడేళ్లు. బడి మానేసి పనిలో చేరారు. తర్వాత ఆక్లండ్ వెళ్లి, మాంసం గడ్డకట్టించి ఎగుమతి చేసే కర్మాగారంలో కూలీగా చేరి ఫోర్‌మన్ దాకా ఎదిగారు. రోజంతా గొర్రె కళేబరాలు ఎత్తి దించే పని. ఆయన ఒంటి గట్టిదనం అక్కడిదేనని ఆ రోజుల్లో చెప్పుకునేవారు. మా ఉద్దేశంలో ఆయన గొప్పతనం ఒంట్లో లేదు, పని పంచడంలో ఉంది. ఆ సంగతి కింది జవాబులో చూడండి.

1895లో పాన్సన్‌బీ క్లబ్బు, మరుసటి ఏడు ఆక్లండ్ జట్టు. 1901లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్లారు. అలా ఆటగాడిగా మంచి వయసు కొంత యుద్ధంలో గడిచింది. 1903 ఆగస్టు 15న సిడ్నీలో న్యూజిలాండ్ తన మొట్టమొదటి టెస్టు ఆడి ఆస్ట్రేలియాను 22–3తో ఓడించినప్పుడు ఆయన జట్టులో ఉన్నారు. అప్పటికి ముప్పయికి దగ్గరపడ్డారు. ఎత్తు 6 అడుగులు, బరువు సుమారు 84 కిలోలు. ముందుండి నెట్టే ఇప్పటి ఫార్వర్డ్‌ల పక్కన నిలబెడితే సన్నగా కనిపిస్తారు.

మేము చెడుగుడు పోటీలకు పిల్లల్ని తయారుచేస్తుంటాం. ఈయన 'వింగ్ ఫార్వర్డ్' అనీ, ఇంగ్లీషు పేపర్లు మోసగాడని తిట్టాయనీ చదివాను. అసలు ఆ స్థానంలో ఆయన చేసిన పనేంటి? మోసం ఎక్కడుంది?
— కబడ్డీ శిక్షకుడు, భీమవరం

ముందు స్క్రమ్ అంటే ఏమిటో తెలియాలి. చిన్న తప్పు జరిగి ఆట ఆగినప్పుడు, రెండు జట్ల ఫార్వర్డ్‌లు వంగి, భుజాలు భుజాలకు ఆనించి ఎదురెదురుగా నెట్టుకుంటారు. మధ్యలో సొరంగంలా ఖాళీ ఏర్పడుతుంది. బంతిని పక్కనుంచి అందులోకి వేస్తారు. చేత్తో తీయకూడదు. ముందు వరుసలో హుకర్ దాన్ని మడమతో వెనక్కి లాగాలి. అది కాళ్ల మధ్యగా దొర్లి వెనక వరుస దాటి బయటపడితే, అక్కడున్న హాఫ్‌బ్యాక్ ఎత్తుకుని వెనకవాళ్లకు అందిస్తాడు.

బ్రిటిష్ జట్లు ఎనిమిది మందిని స్క్రమ్‌లో పెట్టేవి. స్క్రమ్ వెనక ఆడే మిగతావాళ్లు ఇద్దరు హాఫ్‌బ్యాకులు, నలుగురు త్రీక్వార్టర్లు, ఒక ఫుల్‌బ్యాక్. మొత్తం పదిహేను. ఎవరు ముందొస్తే వాళ్లు ముందు వరుసలో వంగడం వాళ్ల అలవాటు. ఫలానా చోటు ఫలానావాడిదని లేదు.

న్యూజిలాండ్ లెక్క వేరు. స్క్రమ్‌లో ఏడుగురే: ముందు ఇద్దరు, మధ్య ముగ్గురు, వెనక ఇద్దరు. ఎవరి చోటు వారిదే, మార్పు లేదు. ఇద్దరే ఉన్న ముందు వరుస ఎదుటి ముగ్గురి తలల మధ్య సందుల్లోకి మేకులా దిగుతుంది. వెనక ఐదుగురి బలమూ ఆ ఇద్దరి వెన్ను మీదుగా ఒకే చోటికి చేరుతుంది. అందుకే ఏడుగురు ఎనిమిది మందిని ఆపగలిగారు. అలా మిగిలిన ఎనిమిదో మనిషే వింగ్ ఫార్వర్డ్. ఆ వెనక హాఫ్‌బ్యాక్ ఒకరు, ఫైవ్ ఎయిత్‌లు (హాఫ్‌బ్యాక్‌కూ త్రీక్వార్టర్లకూ మధ్య ఆడేవాళ్లు) ఇద్దరు, త్రీక్వార్టర్లు ముగ్గురు, ఫుల్‌బ్యాక్ ఒకరు. ఇక్కడా పదిహేనే.

ఇప్పుడు గల్లహర్ పని వరుసగా చూద్దాం. స్క్రమ్ కట్టగానే పక్కన నిలబడి బంతిని సొరంగంలోకి వేసేది ఆయనే. బ్రిటిష్ జట్లలో ఆ పని హాఫ్‌బ్యాక్‌ది. అతను బంతి వేసి, వెనక్కి చుట్టి పరిగెత్తి అందుకోవాలి. న్యూజిలాండ్ హాఫ్‌బ్యాక్ ఫ్రెడ్ రాబర్ట్స్‌కు ఆ పరుగు తప్పింది. ముందే వెనక కాచుకుని ఉండేవారు. మిగిలింది క్షణమే, కానీ వెనకవాళ్లు కదలడానికి ఆ క్షణమే చాలు.

బంతి వేశాక గల్లహర్ కదలరు. తన ఫార్వర్డ్ ఒకరి మీద చెయ్యి ఆనించి స్క్రమ్ పక్కనే నిలబడతారు. ఎదుటి హాఫ్‌బ్యాక్ రాబర్ట్స్ మీదికి రావాలంటే ఈయన్ని చుట్టి రావాలి. గొడవ ఇక్కడే. బంతి ఆయన వెనక్కి వెళ్లిపోయింది కాబట్టి ఆయన బంతికి ముందున్నట్టు లెక్క. అలా ముందుండి ఎదుటివాణ్ని అడ్డుకుంటే ఆఫ్‌సైడ్. స్క్రమ్‌లో భాగమైతే మాత్రం తప్పు లేదు. మరి ఒక్క చెయ్యి ఆనిస్తే స్క్రమ్‌లో ఉన్నట్టా, లేనట్టా? అవునన్న రిఫరీ దగ్గర న్యూజిలాండ్ ఆట సాగింది, కాదన్న రిఫరీ విజిల్ ఊదాడు. చెయ్యి జారినా తప్పే. బంతి ఎదుటివాళ్లకు దక్కితే మాత్రం ఆ చెయ్యి వదిలేసి మరుక్షణమే వాళ్ల హాఫ్‌బ్యాక్ మీద పడేవారు. బంతిని తిప్పుతూ వేసి తన హుకర్‌కు అనుకూలం చేస్తారన్నది రెండో ఫిర్యాదు.

మా తీర్పు అడిగితే, అది మోసం కాదు. నియమంలో ఉన్న సందు చూశారు, అందులో నిలబడ్డారు. అయితే తిట్టినవాళ్ల బాధా అర్థం లేనిది కాదు. ఎదుటివాళ్ల ఆటను పాడుచేసే స్థానమే అది. 1930ల మొదట్లో ముందు వరుసలో ముగ్గురుండాలన్న నియమం గట్టిపడ్డాక ఏడుగురి స్క్రమ్మూ, ఈ స్థానమూ రెండూ పోయాయి.

మీ పిల్లలకు పనికొచ్చే తేడా ఒకటి చెప్పాలి. కబడ్డీలో గొలుసు కట్టి ఒక్కణ్ని పట్టుకోవడం నేర్పుతారు. రగ్బీలో బంతి చేతిలో లేనివాణ్ని పట్టుకుంటే పెనాల్టీ. కబడ్డీ నుంచి వచ్చిన పిల్లలు మొదట్లో ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే.

కెప్టెన్ అంటే జీతం బాగా ఇచ్చేవారా?
— వ్యాపారి, పాలకొల్లు

జీతం లేదు. అందరికీ రోజుకు 3 షిల్లింగుల చేతిఖర్చు, అంతే. వారానికి 21 షిల్లింగులు, అంటే పౌండు మీద ఒక షిల్లింగు. ఉద్యోగాలకు సెలవు పెట్టి నెలల తరబడి తిరిగినవాళ్లకు అది ఏ మూలకి? స్కాట్లండ్ బోర్డు తమ దగ్గర జరిగే మ్యాచ్‌కు ముందుగా సొమ్ముకు హామీ ఇవ్వలేక, దానికి బదులు గేటు వసూళ్లు ఇస్తామంది. జనం విరగబడి వచ్చారు. వసూళ్లు న్యూజిలాండ్ బోర్డుకు చేరాయి. ఆటగాళ్లకు మాత్రం ఆ 3 షిల్లింగులే. ఆ జట్టులో కొందరు 1907 తర్వాత డబ్బులిచ్చే రగ్బీ లీగ్‌కు వెళ్లిపోవడంలో ఆశ్చర్యం లేదు. గల్లహర్ వెళ్లలేదు.

కెప్టెన్సీ కూడా సాఫీగా రాలేదు. 1905 జులై 30న వెల్లింగ్టన్‌లో 'రిముటాకా' ఓడ కదిలాక, న్యూజిలాండ్ దక్షిణ భాగం ఆటగాళ్లు కొందరు ఆయన ఎంపిక మీద గొణిగారు. తాను తప్పుకుంటానని గల్లహర్ అన్నారు. వైస్ కెప్టెన్ బిల్లీ స్టెడ్ కూడా అదే మాట అన్నారు. మేనేజర్ జార్జ్ డిక్సన్ ఒప్పుకోలేదు. చివరికి ఓటు పెడితే ఎక్కువమంది ఆ ఇద్దరి వైపే నిలిచారు. ఈ తకరారు పెట్టుకునీ ఆ జట్టు అలా ఆడిందంటే, ఓడ దిగేలోపు వాళ్లు చేసుకున్న సర్దుబాటు చిన్నది కాదు.

పాత స్కోర్లు ఎన్నిసార్లు కూడినా ఇప్పటి పాయింట్లతో కలవడం లేదు. 12–7 ఎలా వస్తుంది? 4–3 ఏమిటి?
— బ్యాంకు ఉద్యోగి, తణుకు

మీ కూడిక తప్పు కాదు. మీరు వాడిన రేట్లు వేరు. 1905లో ట్రైకి (బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటించి నేలకు ఆనిస్తే) 3, దాని తర్వాతి కన్వర్షన్ కిక్‌కు 2, పెనాల్టీ కిక్‌కు 3, డ్రాప్ గోల్‌కు (ఆట మధ్యలో బంతిని నేలకు జారవిడిచి గోల్‌లోకి తన్నితే) 4 పాయింట్లు. ఇప్పుడు ట్రైకి 5, డ్రాప్ గోల్‌కు 3. ట్రై విలువ 1971లో 4, 1992లో 5 అయింది. డ్రాప్ గోల్ 1948లో 3కు తగ్గింది.

ఇక లెక్కకు రండి. ఇంగ్లండ్‌లోని డెవన్ జట్టు మీద మొదటి మ్యాచ్, 1905 సెప్టెంబర్ 16, 55–4. పన్నెండు ట్రైలకు 36, ఎనిమిది కన్వర్షన్లకు 16, ఒక పెనాల్టీకి 3. కూడితే 55. డెవన్‌ది ఒక డ్రాప్ గోల్, 4. న్యూజిలాండ్ 55లో 28 పాయింట్లు వాళ్ల ఆటగాడు బిల్లీ వాలెస్ ఒక్కరివే. ఆ స్కోరు నమ్మలేక కొన్ని పత్రికలు తారుమారుగా అచ్చువేశాయి.

స్కాట్లండ్ మీద 12–7: నాలుగు ట్రైలు, ఒక్కటీ కన్వర్ట్ కాలేదు. స్కాట్లండ్‌ది ఒక డ్రాప్ గోల్, ఒక ట్రై. ఐర్లండ్ మీద, ఇంగ్లండ్ మీద స్కోరు ఒకటే, 15–0. లోపల మాత్రం తేడా ఉంది. డబ్లిన్‌లో మూడు ట్రైలు, మూడూ కన్వర్ట్ అయ్యాయి. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ఐదు ట్రైలు, ఒక్క కన్వర్షనూ లేదు. ట్రై ఎక్కడ ఆనించారో దానికి సూటిగా వెనక్కి వచ్చి కన్వర్షన్ తన్నాలి. ఇంగ్లండ్ మీద ఐదింట్లో నాలుగు, మైదానం అంచున పరిగెత్తే వింగ్ ఆటగాడు డంకన్ మెక్‌గ్రెగర్‌వి. అంచుకు దగ్గరగా ట్రై పడితే తన్నే కోణం ఇరుకైపోతుంది.

4–3 వేల్స్‌లోని స్వాన్సీ జట్టుతో ఆడిన మ్యాచ్‌ది. వాలెస్ కొట్టిన ఒక్క డ్రాప్ గోల్ 4, స్వాన్సీ ట్రై 3. ఇవాళ్టి రేట్లతో కడితే స్వాన్సీ 5–3తో గెలిచినట్టు! కాకపోతే అలా లెక్కకట్టడం న్యాయం కాదు. రేటు మారితే ఆడే తీరూ మారుతుంది. ఒక డ్రాప్ గోల్ ట్రైకన్నా విలువైన రోజుల్లో, దూరం నుంచి ఒక తన్ను తన్ని చూడటం తెలివైన పనే.

ఇంకాస్త వెనక్కి వెళ్తే చిక్కు పెరుగుతుంది. 1871 మార్చి 27న ఎడిన్‌బరోలోని రేబర్న్ ప్లేస్‌లో స్కాట్లండ్, ఇంగ్లండ్ తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడాయి. జట్టుకు ఇరవై మంది. ట్రైకి పాయింట్లే లేవు. ట్రై చేస్తే గోల్ తన్నే అవకాశం దక్కేది, గోల్ పడితేనే లెక్క. ఆ పట్టికల్లో పాయింట్లు వెతక్కండి, గోల్స్ ఎన్నో చూడండి.

వేల్స్ మ్యాచ్‌లో డీన్స్ ట్రై అయిందా, లేదా? ఒక్క మాటలో చెప్పండి సార్, మా హాస్టల్లో పందెం ఉంది.
— ఇంజనీరింగ్ విద్యార్థులు, కాకినాడ

ఒక్క మాటలో చెప్పాలంటే, రిఫరీ ఇవ్వలేదు కాబట్టి కాలేదు. పందెం సొమ్ముతో మాకు సంబంధం లేదు.

1905 డిసెంబర్ 16న, కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్‌లో, వరసగా 27 గెలిచి వచ్చిన జట్టు 28వ మ్యాచ్ ఆడింది. వేల్స్ తరఫున టెడ్డీ మోర్గన్ చేసిన ట్రైతో 3–0. రెండో సగంలో న్యూజిలాండ్ ఆటగాడు బాబ్ డీన్స్ గోల్ గీత దగ్గర పడ్డారు. బంతి గీత మీదే ఆనించానని, ఎదుటివాళ్లు తనను వెనక్కి లాగాక రిఫరీ జాన్ డాలస్ వచ్చి చూశారని ఆయన వాదన. మరునాడు ఒక లండన్ పత్రికకు తంతి కూడా ఇచ్చారు. వేల్స్‌వాళ్లు గీత చేరలేదన్నారు. ఇచ్చి ఉంటే 3–3, కన్వర్షన్ కూడా పడితే 5–3.

మా లెక్కలో ఆ మ్యాచ్ అక్కడ పోలేదు, స్క్రమ్‌లో పోయింది. వేల్స్ తానూ ఒక ఫార్వర్డ్‌ను తగ్గించి, అదనపు మనిషిని బయట పెట్టింది. గల్లహర్ బంతి వేసిన తీరు తప్పని డాలస్ పదేపదే పెనాల్టీలిచ్చారు. చివరికి బంతి కోసం కాలు చాపొద్దని గల్లహర్ తన హుకర్లకే చెప్పాల్సి వచ్చింది. బంతి రాని చోట పని పంపకం ఎంత బాగుంటే ఏం లాభం? పైగా స్టెడ్, జార్జ్ స్మిత్ ఆ రోజు లేరు. మూడు నెలల్లో 28 మ్యాచ్‌లు ఆడిన కాళ్లు అవి. వేల్స్ మెరుగ్గా ఆడిందని గల్లహర్ ఒప్పుకున్నారు, సాకు చెప్పలేదు.

మొత్తం పర్యటన 35 మ్యాచ్‌లు, ఓటమి ఇదొక్కటే. చేసినవి 976 పాయింట్లు, ఇచ్చినవి 59.

ఆ నల్ల జెర్సీ గురించి చెప్పండి. ఆకు బొమ్మ కుట్టిందేనా? ఇప్పుడు దాని ధరెంత?
— లేసు అల్లే మహిళల బృందం, నరసాపురం

నల్ల జెర్సీ మీద వెండి రంగు ఫెర్న్ ఆకు 1893 నుంచీ ఉంది. జట్టు దుస్తుల గురించి ఆ తీర్మానం పెట్టింది మావోరీ ఆటగాడు టామ్ ఎలిసన్. ఉన్ని బట్ట వానలో తడిస్తే బరువెక్కి సాగుతుంది. ఎదుటివాడి గుప్పిటకు ముందు దొరికేది భుజమే. అందుకే ఆనాటి జెర్సీలకు భుజాల దగ్గర, ఛాతీ పైభాగాన గట్టి పొర వేసేవారు. 'ఆల్ బ్లాక్స్' అనే పేరు ఈ పర్యటనలోనే జనం నోట పడింది. అచ్చుతప్పు వల్ల వచ్చిన పేరన్న కథ ప్రచారంలో ఉంది గానీ అందులో నిజం లేదు. బట్టల రంగే కారణం.

వేల్స్ మ్యాచ్‌లో గల్లహర్ వేసుకున్న జెర్సీ 2015లో కార్డిఫ్‌లో వేలానికి వచ్చి 1,80,000 పౌండ్లు పలికింది. రోజుకు 3 షిల్లింగులు తీసుకున్న మనిషిది!

మా ఊరి ఆనకట్ట కట్టిన ఇంజనీర్లు రగ్బీ ఆడేవారా? కలకత్తా కప్పు మన రూపాయలతో చేసిందేనట కదా. గల్లహర్ దానికి ఆడాడా?
— చరిత్ర విద్యార్థిని, ధవళేశ్వరం

చివరి ప్రశ్నకు ముందు జవాబు. ఆడలేదు. కలకత్తా కప్పు ఇంగ్లండ్, స్కాట్లండ్ మధ్య మాత్రమే.

ఆనకట్ట పని జరిగింది 1847–52 మధ్య. ఇంగ్లండ్‌లోని రగ్బీ స్కూలు పిల్లలు తమ ఆట నియమాల్ని మొదటిసారి రాసుకున్నది 1845లో. ఇంగ్లండ్‌లో రగ్బీ యూనియన్ పుట్టింది 1871 జనవరి 26న. కాటన్ దొర చదివింది అడిస్కంబ్ సైనిక విద్యాలయంలో. కాలం చూసినా, చదువు చూసినా ధవళేశ్వరంలో రగ్బీ ఊహించడం కష్టం. తర్వాతి తరం ఇంజనీర్ల సంగతి వేరు. ఇండియాకు ఇంజనీర్లను తయారుచేయడానికి ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్‌లో పెట్టిన కాలేజీకి మంచి రగ్బీ జట్టుండేది. అక్కడ చదివిన స్టీఫెన్ ఫినీ 1872, 1873ల్లో ఇంగ్లండ్‌కు ఆడి, ఆ పైన మన దేశంలో రైల్వే ఇంజనీరుగా పనిచేశారు.

కప్పు కథ నిజమే. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో ఇరవై మంది చొప్పున రెండు జట్లు ఆడాయి. మరుసటి నెలలో క్లబ్బు పెట్టారు. ఉచిత మద్యం ఆగిపోయింది, రగ్బీ ఆడే పటాలం బదిలీ అయింది, మిగిలినవాళ్లు పోలో, టెన్నిస్ వైపు మళ్లారు. క్లబ్బు మూతపడింది. బ్యాంకులో మిగిలిన సొమ్ము 270 వెండి రూపాయలుగా తీసి కరిగించి కప్పు చేయించారు. అప్పటి రూపాయి బరువు సరిగ్గా తులం. కరిగించింది 270 తులాలన్నమాట, ఇప్పటి తూకంలో 3 కిలోల 150 గ్రాములకు దగ్గర. మూడు పిడులూ నాగుపాములు, మూత మీద ఏనుగు. ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లు. 1879 మార్చి 10న దాని కోసం ఆడిన మొదటి మ్యాచ్ డ్రా.

ఫ్రాన్స్ మీద కూడా ఆడారా? ఆయన సమాధి ఫ్రాన్స్‌లోనే ఉందని ఒకరన్నారు.
— పాఠకుడు, యానాం

ఆడారు. 1906 జనవరి 1న పారిస్‌లో. ఫ్రాన్స్‌కు అదే మొదటి టెస్టు. 38–8. పది ట్రైలు, నాలుగు కన్వర్షన్లు ఒకవైపు, రెండు ట్రైలు, ఒక కన్వర్షన్ మరోవైపు. గల్లహర్‌కు అదే ఆఖరి టెస్టు కూడా. గాయం వల్ల ఐర్లండ్ మ్యాచ్ తప్పింది కాబట్టి ఆయన టెస్టులు మొత్తం ఆరే. న్యూజిలాండ్‌కు ఆడిన అన్ని మ్యాచ్‌లూ కలిపితే 36. రికార్డుల్లో ఈ రెండు అంకెలూ కనిపిస్తాయి, తికమక పడొద్దు. ఆట మానేశాక స్టెడ్‌తో కలిసి 1906లోనే రగ్బీ ఎలా ఆడాలో పెద్ద పుస్తకం రాశారు. 1907 నుంచి 1914 దాకా జాతీయ జట్టు సెలెక్టర్.

సమాధి ఫ్రాన్స్‌లో కాదు, బెల్జియంలో. పొపరింగె దగ్గర నైన్ ఎల్మ్స్ శ్మశానవాటిక. అప్పటికే నలభై దాటిన మనిషి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో తానే సైన్యంలో చేరారు. 1917 అక్టోబర్ 4న పాషన్‌డేల్ పోరులో, బ్రూడ్‌సైండె దాడిలో గాయపడి అదే రోజు పోయారు. ఆయన సోదరులు ఇద్దరు కూడా ఆ యుద్ధంలోనే పోయారు. చేరినప్పుడు వయసు తగ్గించి చెప్పారు కాబట్టి, రాతి మీద 41 అని ఉంటుంది. నిజానికి 43. పుట్టిన తేదీతో లెక్క కలవక కొందరు వేరే గల్లహర్ అనుకుంటారు. కాదు, ఆయనే. న్యూజిలాండ్, ఫ్రాన్స్ మధ్య 2000 నుంచి ఆడుతున్న ట్రోఫీ ఆయన పేరు మీదే ఉంది.

మా హైస్కూల్లో ఖోఖో, కబడ్డీ పిల్లలు బాగున్నారు. రగ్బీ మొదలుపెడదామనుంది. ఆ ఏడుగురి స్క్రమ్ నేర్పవచ్చా? గ్రౌండు, బంతి, నియమాలు చెప్పగలరు.
— వ్యాయామ ఉపాధ్యాయులు, అమలాపురం

స్క్రమ్ వద్దు సార్, ఏడుగురిదీ వద్దు, ఎనిమిది మందిదీ వద్దు. శిక్షణ పొందిన కోచ్ లేకుండా పిల్లల చేత స్క్రమ్ కట్టిస్తే అది కూలినప్పుడు బరువంతా మెడ మీద పడుతుంది. గల్లహర్ నుంచి నేర్చుకోవాల్సింది ఎవరి చోటు వారికి, ఎవరి పని వారికి ఇవ్వడం. దానికి స్క్రమ్ అక్కర్లేదు. పట్టుకోవడానికి బదులు నడుం దగ్గరి పట్టీ (ట్యాగ్) లాగే ట్యాగ్ రగ్బీతో మొదలుపెట్టండి.

బంతి: 10 నుంచి 14 ఏళ్లవాళ్లకు 4వ సైజు, 15 దాటితే 5వ సైజు. 5వ సైజు పొడవు 28–30 సెంటీమీటర్లు, బరువు 410–460 గ్రాములు, గాలి 9.5–10 పీఎస్ఐ. సైకిల్ షాపులో ఎక్కించేటప్పుడు గేజి చూడండి. గట్టిగా ఎక్కిస్తే చేతిలో నిలవదు, తడి బంతి అయితే మరీను.

ట్యాగులు: నవారు పట్టీలు చాలు. వెడల్పు 5 సెంటీమీటర్లు, పొడవు 35–40. నిక్కరు నడుం పట్టీలో రెండు వైపులా దోపాలి. ముడి వేయకూడదు, లాగితే ఊడి రావాలి. చొక్కా బయటికి వేలాడితే పట్టీ కనిపించక గొడవలొస్తాయి, లోపలికి దోపించండి.

నేల: దాళ్వా కోసిన చేలో వద్దు. కొయ్యకాళ్లు పాదాలు కోస్తాయి, ఎండిన మట్టి బీటల్లో మడమ మెలిపడుతుంది. కొబ్బరి తోటలో నీడ ఉంటుంది గానీ కాయ రాలుతుంది, పరిగెత్తేవాడికి చెట్టు అడ్డొస్తుంది. ఇసుక కలిసిన నేల మేలు. 60 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు సున్నంతో గీయండి. ఏడుగురు చొప్పున రెండు జట్లు, ఏడేసి నిమిషాల రెండు సగాలు.

నియమాలు మూడు చాలు. బంతి చేత్తో ముందుకు వేయకూడదు, పక్కకో వెనక్కో వేయాలి. ట్యాగ్ ఊడినవాడు ఆగి వెంటనే బంతి అందించాలి. ఆరు ట్యాగులు ఊడితే బంతి ఎదుటి జట్టుది.

కసరత్తు: నలుగురిని 3–4 మీటర్ల ఎడంలో ఏటవాలు గీతగా నిలబెట్టండి, ఒకరికన్నా ఒకరు అడుగు వెనక. 20 మీటర్లు మెల్లగా పరిగెత్తుతూ ఈ చివరి నుంచి ఆ చివరికి బంతి అందించాలి. బంతి ముందుకు పోతోందంటే కారణం సాధారణంగా విసిరేవాడు కాదు. అందుకునేవాడు తొందరపడి అతన్ని దాటేస్తున్నాడు. ముందు వాణ్ని వెనక్కి జరపండి. అప్పటికీ ముందుకే పోతుంటే విసిరేవాడి భుజాలు చూడండి, అవి అందుకునేవాడి వైపు తిరగాలి. వాలీబాల్ అలవాటున్న పిల్లలు బంతిని తల మీద అందుకుంటారు. ఛాతీ ఎత్తులో, చేతులు విసిరేవాడి వైపు చాచి అందుకోమనండి. ఖోఖో పిల్లలు తప్పించుకోవడంలో ముందుంటారు కాబట్టి వాళ్లను అంచుల్లో పెట్టండి. కబడ్డీ పిల్లలు అలవాటుగా నడుమో కాలో పట్టేస్తారు. మొదటి వారం పట్టుకున్న ప్రతిసారీ బంతి ఎదుటి జట్టుకిచ్చేయండి, రెండో వారానికి మానేస్తారు.